నానబెట్టడమా, ఊరబెట్టడమా? – 'రెట్' అనే ఇంగ్లీషు క్రియ, మన అనువాద దారిద్ర్యం

ఇంగ్లీషులో 'రెట్' అనే క్రియ ఒకటి ఉంది. నిత్యవ్యవహారంలో అది దాదాపు వినిపించదు. అవిసె వంటి నారమొక్కల కాడలను నీటిలోనో మంచులోనో ఉంచి, కాడనుండి నార విడివడేదాకా మెత్తబడనివ్వడం దాని ప్రధానార్థం. ఈ మాట ఎదురైనప్పుడు తెలుగులో 'నానబెట్టు' అని రాసి ముందుకు సాగిపోవడం మనకు పరిపాటి. సోక్, స్టీప్, మాసెరేట్, మారినేట్, రెట్ – ఇన్నిటికీ మనం పలికే మాట ఒక్కటే. ఇది అనువాదకుల అజాగ్రత్త వల్ల జరిగిన చిన్న పొరపాటు కాదనీ, శ్రమకు సంబంధించిన పదజాలాన్ని సాహిత్య అధ్యయనానికి వెలుపల నిలబెట్టిన మన విద్యా సంప్రదాయపు ఫలితమనీ ఈ వ్యాసం వాదిస్తుంది. 'రెట్' చరిత్రను సరిగా చదివితే దానికి తగిన తెలుగు మాట 'నానబెట్టు' కాదు, 'ఊరబెట్టు' అని తేలుతుంది. ఆ మాట మనం సృష్టించవలసినది కాదు. అది ఇప్పటికే చెరువు గట్టున ఉంది.

'రెట్' పుట్టుక

ఈ క్రియ ఇంగ్లీషు రాతల్లో పదిహేనో శతాబ్ది మధ్యకాలం నుండి కనిపిస్తుంది. ఇది మధ్యకాలపు డచ్చి భాషనుండి వచ్చిందని ఒక అభిప్రాయం. రాతకెక్కకుండా జనవ్యవహారంలో నిలిచిన ప్రాచీన ఇంగ్లీషు రూపానికి ఇది కొనసాగింపు కావచ్చునని మరొక అభిప్రాయం. దారి ఏదైనా కుటుంబం మాత్రం ఒక్కటే. డచ్చిలో 'రోతెన్', స్వీడిష్‌లో 'ర్యోతా', మధ్యయుగపు జర్మన్‌లో 'ర్యోట్సెన్' – ఇవన్నీ దీని దాయాదులు. వీటన్నిటి వెనుక ఉన్న అర్థం 'కుళ్ళేటట్లు చేయు'. అంటే కుళ్ళు అనే అర్థంగల ఇంగ్లీషు 'రాట్', నారకు సంబంధించిన 'రెట్' ఒకే ధాతువు సంతానం. ఒకటి అకర్మకం, రెండవది దాని ప్రేరణార్థకం. పడు–పడవేయు అనే సంబంధం ఇంగ్లీషులో 'ఫాల్–ఫెల్' జంటలోనూ, కూర్చొను–కూర్చోబెట్టు అనే సంబంధం 'సిట్–సెట్' జంటలోనూ అచ్చు మార్పుతోనే వ్యక్తమవుతుంది. 'రాట్–రెట్' కూడా ఆ కోవలోదే.

నీటికి సంబంధించిన మరో ఇంగ్లీషు క్రియ 'డ్రెంచ్' చరిత్ర కూడా ఇలాంటిదే. నేడు దానికి 'పూర్తిగా తడిసి ముద్దయ్యేటట్లు చేయు' అని అర్థం. మొదట దాని అర్థం 'తాగించు'. తాగు అనే అర్థంగల 'డ్రింక్'కు అది ప్రేరణార్థకం. పశువులకు మందు పోయడాన్ని ఇంగ్లీషులో ఇప్పటికీ ఆ మాటతోనే చెబుతారు. మన రైతులు వెదురు గొట్టంతో ఎద్దుకు మందు తాపడం చూసినవారికి ఈ అర్థపరిణామం వింతగా తోచదు. తాగించినకొద్దీ లోపలంతా నిండుతుంది, నిండినది తడుస్తుంది. తక్కిన క్రియలకూ వాటి వాటి కథలున్నాయి. 'సోక్' పీల్చడాన్ని తెలిపే మాటకు బంధువు. 'మారినేట్'లో సముద్రపు ఉప్పునీరు ఉంది. 'సౌస్'లో ఉప్పు ఉంది. లాటిన్ నుండి వచ్చిన 'మాసెరేట్' మెత్తబరచడంతో మొదలై, ఉపవాసాలతో శరీరాన్ని శుష్కింపజేయడందాకా వెళ్ళింది. ఒక్కొక్క మాట వెనుక ఒక్కొక్క పని ఉంది, ఒక్కొక్క ద్రవం ఉంది, ఒక్కొక్క గడువు ఉంది. వీటన్నిటినీ ఒకే తెలుగు మాటతో సరిపెట్టడమంటే ఆ పనులన్నీ ఒక్కటేనని చెప్పడమే.

'రెట్'కు మరో అర్థం కూడా ఉంది. కోసి వేసిన గడ్డి వానకు తడిసి చెడిపోవడాన్ని ఉత్తర ఇంగ్లండు మాండలికాల్లో ఈ క్రియతో చెబుతారు. ఉద్దేశపూర్వకంగా కుళ్ళబెట్టడం ఒక అర్థం, వద్దనుకున్నా కుళ్ళిపోవడం మరొక అర్థం. ఈ రెండింటికీ ఒకే మాట ఉండడంలో వైరుధ్యం లేదు. రైతుకు కావలసిన కుళ్ళుకూ, అక్కరలేని కుళ్ళుకూ మధ్య ఉన్నది కొన్ని రోజుల తేడా మాత్రమే. ఇదికాక, మధ్యయుగపు ఇంగ్లీషులో 'ఆరోపించు' అనే అర్థంగల మరొక 'రెట్' కూడా ఉండేది. అది ఫ్రెంచినుండి వచ్చింది, లాటిన్ మూలం కలది. రూపం కలిసినా దానికీ నార పనికీ ఏ సంబంధమూ లేదు. దాన్ని ఇక్కడ పేర్కొనడానికి కారణం ముందుముందు తెలుస్తుంది.

మాట వెనుక పని

'రెట్' అర్థాన్ని నిర్ణయించేది నిఘంటువు కాదు, ఆ పని. అవిసె కాడలో నార, బెరడుకూ లోపలి పుల్లకూ మధ్య ఉంటుంది. పెక్టిన్ అనే జిగురు పదార్థం దాన్ని చుట్టూ ఉన్న కణజాలానికి అంటిపెట్టి ఉంచుతుంది. ఆ జిగురు కరిగితేగాని నార ఊడిరాదు. దాన్ని కరిగించేవి సూక్ష్మజీవులు. మడుగులో ముంచితే గాలి అక్కరలేని బాక్టీరియాలు ఆ పనిచేస్తాయి, ఒకటి రెండు వారాలు పడుతుంది. పొలంలోనే పరచి మంచుకు వదిలితే బూజు ఆ పనిచేస్తుంది, అందుకు మూడునుండి ఆరు వారాలు కావాలి. గడువుకు ముందే తీస్తే జిగురు మిగిలి నార పుల్లకే పట్టుకుంటుంది. గడువు దాటితే సూక్ష్మజీవులు జిగురుతో ఆగక నారనే తినడం మొదలుపెడతాయి. పనివాడు రోజూ ఒక కాడను తీసి, విరిచి, పుల్ల జారి వస్తున్నదా లేదా అని చూస్తాడు. ఆ జారే క్షణమే 'రెట్' ముగిసే క్షణం.

కనుక ఈ క్రియలో నాలుగు అంశాలున్నాయి: పీచుగల పదార్థం, నీరు లేదా తేమ, కుళ్ళును పనివాడు తన అదుపులో ఉంచుకోవడం, ఆపవలసిన ఒక నిర్దిష్ట క్షణం. 'నానబెట్టు'లో మొదటి రెండింటికి చోటుంది. చివరి రెండింటికి లేదు. ఈ మాటకు ప్రాణం ఆ చివరి రెండే.

ఆ కుళ్ళు అలంకారికమైనదేమీ కాదు. అవిసె మడుగుల వాసన ఐరోపా గ్రామాల్లో ప్రసిద్ధం. ఆ నీరు తాగిన పశువులకు హాని, చేపలకు మరణం. ఇంగ్లండులో ఎనిమిదవ హెన్రీ కాలంలో, 1541లో, పశువులు తాగే నదుల్లోనూ చెరువుల్లోనూ ఈ పని చేయరాదని ఒక శాసనమే వచ్చింది. అందుకు ప్రత్యేకించిన గుంటల వంటి చోట్లలోనే చేసుకోవాలని అది నిర్దేశించింది. ఒక రాజ్యం చట్టం చేసి నియంత్రించవలసినంత తీవ్రమైన పనిని, ఇడ్లీకి మినప్పప్పు నానబెట్టడంతో సమానంచేసి చూపడం ఎంతవరకు సబబు?

తెలుగులోని క్రమశ్రేణి

తెలుగుకు ఈ తేడాలు చెప్పే శక్తి లేదా? నిజం దానికి పూర్తిగా విరుద్ధం. తడుపు, నానబెట్టు, ఊరబెట్టు, పులియబెట్టు, మురగబెట్టు, కుళ్ళబెట్టు – ఈ వరుసను ఒకసారి గమనించాలి. తడిపినప్పుడు నీరు పైన పడుతుంది. నానినప్పుడు గట్టి వస్తువు నీరు పీల్చి, ఉబ్బి, మెత్తబడుతుంది. కాని అది తన స్వభావం కోల్పోదు, నానిన శనగలు శనగలే. ఎవరి నోట్లోనూ రహస్యం దాగకపోతే 'నోట్లో నువ్వుగింజ నానదు' అంటారు. నానడానికి కాస్త వ్యవధి కావాలనీ, నానినా గింజ గింజగానే ఉంటుందనీ ఆ సామెతకు తెలుసు. ఊరినప్పుడు స్వభావమే మారుతుంది. మామిడికాయ ముక్క ఊరితే అది ముక్క కాదు, ఊరగాయ. పులిసినప్పుడు పులుపు పుడుతుంది, మురిగినప్పుడు వాసన పుడుతుంది, కుళ్ళినప్పుడు వస్తువే నశిస్తుంది. వరి విత్తనాన్ని నానబెట్టి మండెకట్టే రైతు, నానడం ఎక్కడ ముగిసి మొలకెత్తడం ఎక్కడ మొదలవుతుందో ఎరిగినవాడు. చౌడులో తడిపి బట్టలను ఉబ్బకు ఎక్కించే చాకలి, తడపడానికీ ఉబ్బవేయడానికీ తేడా ఎరిగినవాడు. ఈ తేడాలు తెలియనిది వారికి కాదు.

ఈ శ్రేణిలోని 'పెట్టు' అనే సహాయక క్రియను గూర్చి కూడా కొంత చెప్పాలి. ప్రేరణకు మన వ్యాకరణాలు ప్రధానంగా చర్చించేది 'ఇంచు' రూపం. తినిపించు, నడిపించు, చదివించు అన్నప్పుడు ప్రేరకుడు ఎదురుగా నిలిచి పని జరిపిస్తాడు. ఎండబెట్టు, ఆరబెట్టు, మాగబెట్టు, పొదగబెట్టు, ఊరబెట్టు అన్నప్పుడు ప్రేరకుడు చేసేది పరిస్థితిని కల్పించడం మాత్రమే. తక్కిన పనిని ఎండ, గాలి, వేడి, కాలం చేస్తాయి. గుడ్డును పొదిగేది కోడి, పొదగబెట్టేది మనిషి. 'రెట్' కూడా సరిగా ఇలాంటి ప్రేరణే. కుళ్ళబెట్టేది మనిషి, కుళ్ళజేసేది కంటికి కనబడని జీవి. ఇంగ్లీషు ఈ సంబంధాన్ని ఒక అచ్చు మార్పులో దాచింది. తెలుగు దాన్ని పైకి కనబడేటట్లు నిర్మించుకుంది. ఈ విషయంలో తెలుగు నిర్మాణం ఇంగ్లీషు కంటే పారదర్శకమని నిస్సంకోచంగా చెప్పవచ్చు.

'నాను' క్రియకు పాత ప్రేరణరూపం 'నానుచు' లేక 'నాన్చు'. నేటి వ్యవహారంలో నాన్చడమంటే తేల్చకుండా కాలయాపన చేయడం. నాన్చుడు ధోరణి అంటే తెలియనివారు లేరు. ఆ రూపం అర్థాంతరాన్ని పొందడంతో, అసలు పనికి 'నానబెట్టు', 'నానవేయు' అనే రూపాలే నిలిచాయి. ధాతువు ఒకటే అయినా రూపభేదంతో అర్థాలు వేరుపడి, ఒకటి పనిలోనూ మరొకటి ప్రవర్తనలోనూ స్థిరపడడం 'రాట్–రెట్' జంటలో మనం చూసినదానికి సజాతీయమైన పరిణామమే. ఇంగ్లీషు పదచరిత్రను ఆసక్తిగా చదివే మనం, మన నాలుకపైనే జరిగిన ఈ పరిణామాన్ని పాఠ్యాంశంగా గుర్తించం.

ఎందుకు 'ఊరబెట్టు'?

ఈ శ్రేణిలో 'రెట్'కు చోటెక్కడ? వ్యుత్పత్తిని బట్టి చూస్తే 'కుళ్ళబెట్టు' అనవలసి వస్తుంది. అయితే వ్యుత్పత్తి వేరు, వ్యవహారం వేరు. కుళ్ళబెట్టడంలో వస్తువు నాశనం ఉంది, 'రెట్'లో నార దక్కడం ఉంది. 'మురగబెట్టు' దగ్గరగానే ఉంది. ఎరువు కోసం పేడనూ ఆకునూ మురగబెట్టడంలో ప్రయోజనదృష్టి ఉంది. కాని అక్కడ మురిగిన పదార్థమంతా ఎరువుగా మారుతుంది, అందులోనుండి ఒక భాగాన్ని చెడకుండా విడదీసుకోవడం లేదు.

'ఊరు' క్రియ స్వభావం వేరు. పాత తెలుగులో ఇది శకటరేఫతో 'ఊఱు'. గ్రామమనే అర్థంగల 'ఊరు'తో దీనికి సంబంధం లేదు. లిపిలో శకటరేఫ జారిపోవడంతో రెండూ కలిసి కనబడుతున్నాయి. ఇంగ్లీషులోని రెండు 'రెట్'ల వంటిదే ఈ కలయిక. తమిళంలో నేటికీ ఈ రెండింటికీ రెండు వేర్వేరు రేఫలు. మన ఊరగాయకు వారి 'ఊఱుకాయ్' సోదరి. ఈ ఊఱు క్రియలో రెండు దిశలున్నాయి. బావిలో నీరు ఊరుతుంది, నోరు ఊరుతుంది – ఇది లోపలినుండి బయటికి. ముక్కకు ఉప్పూ కారమూ పట్టి ఊరుతుంది – ఇది బయటినుండి లోపలికి. నార మడుగులో జరిగేది ఈ రెండూ. నీరు కాడలోకి వెళుతుంది, జిగురు కాడనుండి వెలికి వస్తుంది. 'నాను'కు మొదటి దిశే తెలుసు. పైగా ఊరడానికి గడువుంది. ఊరీ ఊరని ఊరగాయ, ఊరి మెత్తబడిపోయిన ఊరగాయ – రెండూ పనికిరావు. ఆపవలసిన క్షణం ఈ క్రియలోనే ఇమిడి ఉంది.

ఇది కేవలం తర్కం కాదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో గోగును నారకోసం పండించారు. నెల్లిమర్ల, చిట్టివలస వంటిచోట్ల గోనెసంచుల మిల్లులు ఆ నారను ఆధారం చేసుకున్నాయి. కోసిన గోగును మోపులు కట్టి, ఆకు రాలనిచ్చి, చెరువులో ముంచి ఊరబెడతారు. తరువాత నడుములోతు నీటిలో నిలబడి నార ఒలిచి, ఉతికి, ఆరవేస్తారు. ఇక్కడ మరో సొగసు ఉంది. గోగు కూరే గోంగూర. దాని ఆకు జాడీలో ఊరుతుంది, దాని కాడ చెరువులో ఊరుతుంది. ఒకే మొక్క రెండు భాగాలకూ ఒకే క్రియను వాడిన జనానికి, ఈ రెండు పనుల మధ్య ఉన్న సామ్యం తెలియక ఆ మాట వాడలేదు. ఉప్పు ఒకచోట కుళ్ళును ఆపుతుంది, మరొకచోట మనిషి కన్ను ఆపుతుంది. కాలాన్ని పనిలో పెట్టుకుని, సరైన వేళకు దాన్ని ఆపడమే రెండుచోట్లా నేర్పు.

వాన తిన్న గడ్డి విషయంలో మాత్రం 'ఊరు' చెల్లదు. అక్కడ 'మురిగిపోవు' అనే మాటే సరి. ఒక ఇంగ్లీషు మాటకు అన్ని సందర్భాల్లోనూ ఒకే తెలుగు మాట ఉండాలన్న పట్టుదల కూడా మన నిఘంటు దారిద్ర్యంలో భాగమే.

మూడు ఆక్షేపణలు

మొదటి ఆక్షేపణ ఉపయోగవాదులది. ఇంత అరుదైన మాటకు ఇంత చర్చ దేనికి, భావం తెలిస్తే చాలదా అని వారంటారు. భావం తెలిస్తే చాలును. తెలియకపోవడమే ఇక్కడి సమస్య. ఐరిష్ కవి షేమస్ హీనీ 1966లో ప్రకటించిన తొలి ప్రధాన కవితాసంపుటి 'డెత్ ఆఫ్ ఎ నేచురలిస్ట్'. అదే పేరుగల కవితకు రంగస్థలం ఉత్తర ఐర్లండులోని ఒక అవిసె మడుగు. బాలుని ప్రకృతి ప్రేమ జుగుప్సగా మారడానికి ఆ మడుగులోని కుళ్ళు భూమిక. ఆ కవితను తెలుగుచేసేవారు, నీళ్ళలో నానుతున్న అవిసె అని రాస్తే, మొదటి పంక్తులలోనే కవిత వాసన పోతుంది. మన పాఠకునికి అవిసె అనగానే పెరటిలోని అవిసెచెట్టు తోచే ప్రమాదం ఉండనే ఉంది. నారమొక్కల పేర్లలో మన గందరగోళం తక్కువదేమీ కాదు. జనుము ఒక మొక్క, పత్రికలు జనపనార అని పిలిచే జూట్ మరొక మొక్క. వస్తువు పేరూ జారి, పని పేరూ జారితే అనువాదంలో మిగిలేది ఛందస్సు లేని అస్పష్టత.

రెండవ ఆక్షేపణ పరిభాషావాదులది. శాస్త్రీయ వ్యవహారానికి పల్లెమాట తగదని, సంస్కృత ధాతువునుండి ఒక కొత్త పదం కల్పించుకోవాలని వారి మతం. 'క్లేదనం' వంటి మాట వారికి ప్రీతిపాత్రం. క్లేదమంటే తేమ. అంటే ఇంత కష్టపడి సంస్కృతంలోకి వెళ్ళి, తిరిగి 'తడపడం' దగ్గరికే వచ్చామన్నమాట. సంస్కృతంతో ఈ వ్యాసానికి పేచీ లేదు. తెలుగులో లేని భావానికి సంస్కృతంనుండి మాట తెచ్చుకోవడం మన భాష ఆరంభంనుండీ చేస్తున్న పనే. ఉన్న మాటను కాదని, దానికంటే తక్కువ అర్థం చెప్పే మాటను తెచ్చుకోవడమే అభ్యంతరకరం. ఇంగ్లీషువారు ఈ సందర్భంలో ఏమి చేశారో చూడాలి. లాటిన్ నుండి వేలకొద్దీ శాస్త్రపదాలు తెచ్చుకున్న ఆ భాష, నారశాస్త్రంలో మాత్రం మడుగుగట్టు మాటనే నిలుపుకుంది. నేడు సూక్ష్మజీవశాస్త్ర పరిశోధనాపత్రాలలో, ఎంజైములతో జిగురు కరిగించే ఆధునిక ప్రక్రియకు సైతం వారు వాడే మాట 'రెటింగ్'. పల్లెమాట కావడం దాని శాస్త్రీయతకు అడ్డు రాలేదు. ఇంగ్లీషును అనుకరించదలచినవారు అనుకరించవలసింది ఈ సంస్కారాన్ని.

మూడవది ఆక్షేపణ కాదు, ఆకర్షణ. ఇంగ్లీషు 'రాట్' అంటే కుళ్ళు. మనకు 'రొట్ట' ఉంది, పొలంలో తొక్కి కుళ్ళబెట్టే పచ్చిరొట్ట ఎరువు ఉంది. పైగా ఆ రొట్టకోసం వేసే మొక్కల్లో జనుము ఒకటి, జనుము నారమొక్క కూడా. ధ్వని కలిసింది, అర్థం కలిసింది, మొక్క కూడా కలిసింది. ఇంకేమి, ఇంగ్లీషు మాటకు మూలం తెలుగే అని ప్రకటించడానికి ఉత్సాహపడేవారు మనలో ఉన్నారు. ఈ ఉత్సాహాన్ని నిర్మొహమాటంగా ఖండించాలి. రొట్ట అంటే ఆకూ కొమ్మా కలిసిన పచ్చి మేటు, కుళ్ళడం దాని అర్థం కాదు, దానికి పట్టే గతి. రెండు మాటలు సజాతీయాలని చెప్పడానికి ఒకచోట కలిసిన పోలిక చాలదు, అనేక మాటల్లో క్రమంగా కనిపించే ధ్వనిసంబంధం కావాలి. సంస్కృతంలోని 'పూతి', ఇంగ్లీషులోని 'ఫౌల్' చెవికి ఏమంత దగ్గర కావు. కాని సంస్కృత పకారానికి ఇంగ్లీషు ఫకారం క్రమంగా రావడం 'పితృ–ఫాదర్', 'పాద–ఫుట్' మొదలైన జంటల్లో నిరూపితం. కాబట్టి అవి నిజమైన బంధువులు. పోలికకు లోబడితే ఏమవుతుందో జర్మన్ మాట చెబుతుంది. నారను ఊరబెట్టడాన్ని తెలిపే అక్కడి మాట, వేపడాన్ని తెలిపే మరో మాటతో ధ్వనిసామ్యం వల్ల కలిసిపోయి, నేడు రెంటికీ 'ర్యోస్టెన్' అనే ఒకే రూపం నిలిచింది. రూపం చూసి నిర్ణయించేవాడు జర్మన్లు అవిసెను వేపుతారని రాయగలడు. ఇంగ్లీషులోని ఆరోపించే 'రెట్'ను, మన రెండు 'ఊరు'లను ముందు ప్రస్తావించింది ఈ హెచ్చరిక కోసమే.

తెలుగు శాఖల బాధ్యత

ఇదంతా భాషాశాస్త్రవేత్తల పని, సాహిత్య విద్యార్థికి దీనితో ఏమి నిమిత్తం అనే ప్రశ్న మిగిలింది. అసలు వ్యాధి ఈ ప్రశ్నలోనే ఉంది. ప్రబంధాలలో 'తోగు', 'జొబ్బిల్లు' వంటి క్రియలు కనబడితే మనం ఆగి, అర్థచ్ఛాయలు విచారించి, ప్రయోగాలు పోగుచేస్తాం. అది చేయవలసిన పనే. ఆ శ్రద్ధలో పదో వంతు ఊరబెట్టే, మురగబెట్టే, మండెకట్టే, ఉబ్బవేసే క్రియలకు దక్కలేదు. ఒక మాట కావ్యంలో పడితే సాహిత్యపదం, చెరువులో పడితే వ్యవసాయపదం అన్న విభజనకు భాషలో ఆధారం లేదు. అది మన శాఖల గోడల్లో మాత్రమే ఉంది.

ఈ గోడను దాటిన పెద్దలు లేకపోలేదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటాన్ని వ్యవసాయ పదాలతోనూ, 1971లో రెండవ సంపుటాన్ని చేనేత పదాలతోనూ ప్రకటించింది. జిల్లాలకు వెళ్ళి, పనిచేసేవారినే అడిగి, పనిముట్టు చూసి, మాట రాసుకున్న పద్ధతి అది. తరువాత మరికొన్ని వృత్తులకూ సంపుటాలు వచ్చాయి. వాటిని మనం ఏమి చేశాం? పోటీ పరీక్షలో సంపాదకుని పేరు, ప్రచురణ సంవత్సరం అడిగే ప్రశ్నగా మార్చాం. వాటిలోని మాటలు అనువాదాల్లోకి, పాఠ్యపుస్తకాల్లోకి, ద్విభాషా నిఘంటువుల్లోకి ప్రవహించవలసిన మార్గాన్ని తవ్వలేదు.

ఇప్పుడు తొందర ఎందుకంటే, మాట నిలిచేది పని నిలిచినంతకాలమే. గోనెసంచి స్థానంలో ప్లాస్టిక్ సంచి వచ్చింది. నారకోసం గోగు వేసే పొలాలు తగ్గాయి. చెరువులో నిలబడి నార ఒలిచిన చేతులు ముసలివయ్యాయి. అవిసె మడుగులు అంతరించినా ఇంగ్లీషులో 'రెట్' బతికింది. కారణం ఆ మాట శాసనంలో, నిఘంటువులో, శాస్త్రంలో, కవిత్వం చుట్టూ ఉన్న వ్యాఖ్యానంలో నమోదైంది. మన 'ఊరబెట్టు' ఊరగాయ జాడీలో క్షేమంగానే ఉంటుంది. చెరువులోని 'ఊరబెట్టు' మాత్రం దాని చివరి వ్యవహర్తతో పోతుంది. పోయిన తరువాత మనకు 'నానబెట్టు' ఒక్కటే గతి.

కనుక ఈ వ్యాసం మూడు విషయాలు కోరుతుంది. ఒకటి, ద్విభాషా నిఘంటువుల్లో శ్రమకు సంబంధించిన ప్రతి క్రియకూ కర్మ ఏది, మాధ్యమం ఏది, మార్పు ఎంతవరకు, ఆపవలసిన గుర్తు ఏది అనే నాలుగు అంశాలూ ఇవ్వాలి. 'రెట్' ఆరోపం ఇలా ఉండవచ్చు: గోగు, అవిసె మొదలైన నారకాడలను పుల్లనుండి నార జారేవరకు నీటిలోగాని మంచులోగాని ఊరబెట్టు, గడ్డి విషయంలో, వానకు తడిసి మురిగిపోవు. రెండు, వృత్తి పదకోశాల పదసంపదను ఇంగ్లీషు ఆరోపాల క్రమంలో తిరగవేసి కూర్చే పనిని తెలుగు శాఖలు డాక్టరేటు పరిశోధనగా అంగీకరించాలి. ఒక వృత్తిలోని క్రియలను సమగ్రంగా విశ్లేషించిన సిద్ధాంతగ్రంథం, ఒక నవలాకారుని పాత్రచిత్రణపై రాసిన మరో సిద్ధాంతగ్రంథానికి ఏ విధంగానూ తక్కువ కాదు. మూడు, అనువాద అధ్యయన పాఠ్యక్రమంలో పదచరిత్రకూ, క్షేత్రపర్యటనకూ సమానమైన చోటు ఉండాలి. నిఘంటువు తెరవడం ఎంత అవసరమో చెరువు గట్టుకు వెళ్ళడం అంత అవసరం.

ఇవేవీ కొత్త నిధులో కొత్త సంస్థలో అవసరమైన పనులు కావు. పరిశోధనాంశాల జాబితాలో నాలుగు శీర్షికలు మారితే మొదలవుతాయి. ఆ నాలుగు శీర్షికలను మార్చే అధికారం ఈ పత్రికను చదివేవారి చేతుల్లోనే ఉంది. ఇక నాన్చడం తగదు.